ముడి బియ్యపు అన్నం: నానబెట్టడం మొదలు దించడం వరకు ఒక సమీక్ష

తెలుగు ఇళ్ళలో ముడి బియ్యం మీద ప్రధానంగా వినిపించే ఫిర్యాదులు మూడు: అది ఓ పట్టాన ఉడకదనీ, ఉడికినా నమలలేమనీ, నమిలి తిన్నా పొట్టలో బరువుగా ఉంటుందనీ. ఈ మూడింటికీ చాలావరకు కారణం బియ్యం కాదు, తెల్ల బియ్యానికి అలవాటుపడిన కొలతలనూ సమయాలనూ తీసుకువచ్చి దీనికి వర్తింపజేయడమే. ఎన్ని గ్లాసుల నీళ్ళు పోయాలి, ఎన్ని విజిల్స్ రానివ్వాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఎన్నో ప్రచారంలో ఉన్నా, అవి ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి గల కారణాన్ని గింజ నిర్మాణంలోనే వెతకాలి. ముడి బియ్యం వంటలో నీటి కొలతకన్నా, మంట తీరుకన్నా, పొయ్యి మీద పెట్టడానికి ముందు గింజ నీటిలో గడిపే సమయమే కీలకమని, ఆ గింజ స్వభావం, దాని చరిత్ర, వాడుకలో ఉన్న వంట పద్ధతులు, వాటిపై జరిగిన పరిశోధన అన్నీ కలిపి చూసినప్పుడు స్పష్టమవుతుంది.

గింజ నిర్మాణం, ఉడకడంలోని మర్మం

ధాన్యం పైన ఉండే ఊక దాని బరువులో సుమారు ఐదో వంతు ఉంటుంది. ఆ ఊకను మాత్రమే తీసివేయగా మిగిలేది ముడి బియ్యం. దాని ఒంటిని అంటిపెట్టుకొని ఉన్న గోధుమరంగు పొరలే, మిల్లులో పాలిష్ పట్టినప్పుడు పొడిగా రాలి తవుడు అవుతాయి. కంటికి ఒకే పొరగా కనిపించే ఈ తవుడులో పీచుతో గట్టిపడిన పై తొడుగు, దాని కింద విత్తన కవచం, ఆ లోపల నూనె, మాంసకృత్తులు నిండిన కణాల వరుస అని మూడు అంచెలు ఉంటాయి. గింజ ఒక కొనలో అంకురం ఉంటుంది. మిగిలిన భాగమంతా పిండిపదార్థమే.

అన్నం ఉడకడం అంటే ఈ పిండి రేణువులు నీటిని పీల్చుకొని, సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో ఉబ్బి, తమ గట్టి కట్టడిని కోల్పోయి మెత్తబడడం. దీనినే శాస్త్ర పరిభాషలో జెలటినీకరణ అంటారు. దీనికి వేడి, నీరు రెండూ ఒకే చోట, ఒకే సమయంలో ఉండాలి. మరిగే నీటిలో పడిన గింజ నడిమికి వేడి కొద్ది నిమిషాలలోనే చేరుతుంది కాని, నీరు మాత్రం తవుడులోని పీచును, నూనెను, మైనపు పదార్థాలను దాటుకొని మెల్లగా పోవలసి ఉంటుంది. తవుడు లేని తెల్ల బియ్యం 15 నుంచి 20 నిమిషాలలో ఉడికిపోతే, నానని ముడి బియ్యం అదే మరిగే నీటిలో 40 నుంచి 50 నిమిషాలు తీసుకోవడానికి కారణం ఇదే.

సగం ఉడికిన మెతుకును వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే ఈ విషయం కంటికే కనిపిస్తుంది. అంచులు మెత్తగా నలిగిపోయినా, నడుమ సుద్దలాంటి తెల్లని చుక్క ఒకటి గట్టిగా మిగిలి ఉంటుంది. వంటింటి భాషలో దానినే పలుకు అంటారు. పలుకు పోవాలని మంట పెంచితే, అప్పటికే నీరు పట్టిన పైభాగం మరింత ఉబ్బి, తవుడు పొర నిలువునా చిట్లి, పిండి బయటికి వచ్చి అన్నం పైన చిమిడిపోతుంది, లోపల పలుకు అలాగే ఉంటుంది. ఒకే గిన్నెలో అన్నం చిమిడినట్టూ ఉడకనట్టూ కూడా ఉండడం అనే వింత ముడి బియ్యంలో తరచుగా ఎదురయ్యేది అందుకే.

గింజ లావు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సన్న గింజ. మార్టేరు కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దానికన్నా లావు గింజ. నీరు నడిమికి చేరవలసిన దూరం సన్న గింజలో తక్కువ కాబట్టి, ఒకే విధంగా ఊక తీసిన బియ్యంలో సన్నరకం ముందుగా ఉడుకుతుంది. ముడి బియ్యానికి కొత్తగా అలవాటు పడేవారు సన్నరకంతో మొదలుపెట్టడం మేలనే సలహాకు ఆధారం ఇదే.

దంపుడు బియ్యం, ముడి బియ్యం, ఒంటిపట్టు బియ్యం

బజారులో ఈ మూడు పేర్లూ ఒకదానికొకటి బదులుగా వాడుతున్నా, వంట దృష్టితో చూస్తే వీటి మధ్య తేడా చిన్నది కాదు. రోటిలో రోకలితో దంచిన కాలంలో ఊక రాలడంతోపాటు తవుడు పొర కూడా కొంత రాలి, మిగిలినది గీతలు పడి, చేటలో చెరిగాక సగం మెరిసీ మెరవని గింజ మిగిలేది. నేటి మిల్లులలో రబ్బరు రోలర్లు ఊకను మాత్రమే ఒలిచి, తవుడు పొరకు గాటు పడకుండా గింజను వదులుతాయి. కాబట్టి దంపుడు బియ్యం పేరుతో ప్యాకెట్లలో అమ్ముడవుతున్న బియ్యంలో చాలావరకు, పాత తరం వారు వండుకున్న దంపుడు బియ్యం కన్నా గట్టిగా నీటిని అడ్డుకొనే బియ్యమే. పెద్దవాళ్ళు దంపుడు బియ్యాన్ని మామూలుగానే వండేవారు కదా అన్న వాదన ఈ తేడాను విస్మరిస్తుంది.

ఒంటిపట్టు బియ్యం, అంటే సింగిల్ పాలిష్ బియ్యం, మిల్లులో ఒక్కసారి మాత్రమే పాలిష్ పట్టినది. గింజను అరచేతిలో వేసుకొని వెలుతురులో చూస్తే, పొడవునా ఉన్న గాళ్ళలో గోధుమరంగు చారలు మిగిలి, మధ్య భాగం తెల్లబడి కనిపిస్తుంది. పూర్తి ముడి బియ్యంలో రంగు అంతటా ఒకేలా ఉండి, కొనలో అంకురం చెక్కుచెదరకుండా ఉంటుంది, మధ్య మధ్య పచ్చి గింజలు కూడా కనిపిస్తాయి. తవుడు పొర ఒకచోట తెగినా నీటికి దారి దొరుకుతుంది కాబట్టి ఒంటిపట్టు బియ్యం త్వరగా ఉడుకుతుంది. ముడి బియ్యాన్ని రవ్వగా విసిరి ఉప్పుడు పిండి చేసుకుంటే నానబెట్టకపోయినా చక్కగా ఉడకడానికి కూడా ఇదే కారణం.

ఉప్పుడు బియ్యం వీటికి భిన్నమైనది. ధాన్యాన్ని ఊకతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టాక మరపట్టించడం వల్ల తవుడులోని కొన్ని విటమిన్లు గింజ లోపలికి చేరతాయి. తరువాత పాలిష్ పట్టినా అవి పూర్తిగా పోవు.

చరిత్ర చెప్పిన సత్యం

తవుడు విలువను లోకం తెలుసుకున్నది బెరిబెరి అనే వ్యాధి ద్వారా. థయమిన్ అనే బి1 విటమిన్ లోపించి, కాళ్ళు చచ్చుబడి, గుండె బలహీనపడే ఈ వ్యాధిపై నాటి డచ్ పాలనలోని జావాలో పనిచేసిన క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు ఇటువంటి నరాల జబ్బు రావడాన్ని 1890 దశకంలో గమనించాడు. ఆయన తరువాత వచ్చిన గెరిట్ గ్రైన్స్, తవుడులో ఉండే ఏదో అవసరమైన పదార్థం లోపించడమే కారణమని 1901లో వివరించాడు. 1926లో యాన్సెన్, డోనాత్ అనే శాస్త్రజ్ఞులు జావాలోనే తవుడు నుంచి ఆ పదార్థాన్ని స్ఫటిక రూపంలో వేరుచేశారు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ పురస్కారంలో భాగం లభించింది.

ఈ చరిత్రలో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. మరపట్టిన పచ్చి బియ్యం ప్రధాన ఆహారంగా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలు మద్రాసు రాజధానిలో బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ వ్యాధి అంతగా కనిపించలేదు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో డబ్ల్యూ. ఆర్. ఎక్రాయిడ్ బృందం ఈ ప్రశ్నను విస్తృతంగా పరిశీలించింది. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా కొనసాగుతున్నది. గాంధీజీ 1934లో ప్రారంభించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం చేదంపు బియ్యాన్ని తన కార్యక్రమంలో ముఖ్యాంశంగా చేసుకోవడంలో గ్రామీణ ఉపాధితోపాటు ఈ ఆరోగ్య దృష్టి కూడా ఉంది.

వంటకు సంబంధించి ఈ చరిత్ర చెప్పే విషయం ఒకటుంది. థయమిన్ నీటిలో కరిగిపోయే విటమిన్ కాబట్టి, పలుమార్లు రుద్ది కడగడం, ఎక్కువ నీటిలో ఉడికించి గంజి పారబోయడం దానిని హరిస్తాయి. త్వరగా ఉడకాలని వంటసోడా వేసే అలవాటు ఇంకా హానికరం, ఎందుకంటే క్షారంలో థయమిన్ త్వరగా నశిస్తుంది. ఏ విటమిన్ కోసం ముడి బియ్యం కొన్నారో దానినే చిటికెడు సోడాతో పోగొట్టుకోవడం తగదు.

నానబెట్టడం

చల్లని నీటిలో నానినప్పుడు బియ్యం ఒక హద్దు వరకే నీరు పీల్చుకుంటుంది. నిల్వలో సుమారు 12 శాతంగా ఉండే గింజ తేమ 30 శాతం దరిదాపులకు చేరాక ఆగిపోతుంది. అంటే 100 గ్రాముల బియ్యం నాని దాదాపు 125 గ్రాములవుతుంది. తెల్ల బియ్యానికి ఇందుకు అరగంట చాలు. ముడి బియ్యానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు అవసరం. ఎంత నానినదీ గడియారం చూడకుండానే తెలుసుకోవచ్చు: నానని గింజ గాజులా పారదర్శకంగా ఉంటుంది, నానిన గింజ పాలిపోయి మసకబారుతుంది, గోరుతో నొక్కితే రెండుగా విరుగుతుంది. ఈ స్థితికి వచ్చిన బియ్యంలో నీరు నడిమికి ముందే చేరి ఉంటుంది కనుక, పొయ్యి మీద అది 25 నుంచి 30 నిమిషాలలో, పలుకు లేకుండా, చిమిడిపోకుండా సమంగా ఉడుకుతుంది.

రాత్రి నానబెట్టడం మరచిన ఇళ్ళకు ఒక మార్గం ఉంది. చేయి పట్టగలిగినంత వేడి నీరు పోసి మూత పెడితే రెండు మూడు గంటలలో దాదాపు అదే ఫలితం వస్తుంది. ముడి బియ్యం కోసం ప్రత్యేకంగా మీట ఉన్న ఎలక్ట్రిక్ కుక్కర్లు ఎక్కువ సమయం తీసుకోవడం లోపం కాదు, మరిగించడానికి ముందు గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానేలా వాటి అమరిక ఉంటుంది. అమెరికాలోనూ ఇతర దేశాలలోనూ ఉన్న తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన సాధనం ఇది. ఎండాకాలంలో తెలుగు ప్రాంతాల వేడికి ఎనిమిది గంటల్లో నీరు పులిసి వాసన వేస్తుంది కాబట్టి, ఒకసారి నీరు మార్చడమో, ఫ్రిజ్‌లో పెట్టి నానబెట్టడమో చేయాలి.

నానిన నీటిని పారబోయాలా, అందులోనే వండాలా అన్న విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఆ నీటిలోకి కొద్దిగా విటమిన్లు దిగుతాయన్నది నిజమే. మరోవైపు ఇనుము, జింకు వంటి ఖనిజాలను శరీరానికి అందనివ్వకుండా పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం, ముఖ్యంగా గోరువెచ్చని నీటిలో ఎక్కువసేపు నానినప్పుడు కొంత తగ్గుతుంది. బియ్యాన్ని ముందే ఒకటి రెండుసార్లు తేలికగా కడిగి, కొలత ప్రకారం పోసిన చల్లని నీటిలో నానబెట్టినప్పుడు ఆ నీటితోనే వండడం, వేడి నీటిలో నానబెట్టినా పులుపు వాసన వచ్చినా ఆ నీటిని పారబోసి కొత్తగా పోయడం సమంజసమైన నడిమి దారి.

నానబెట్టడాన్ని మరింత పొడిగిస్తే మొలకెత్తిన ముడి బియ్యం వస్తుంది. జపాన్‌లో ప్రచారంలో ఉన్న ఈ పద్ధతిలో ముడి బియ్యాన్ని 30 నుంచి 40 డిగ్రీల వేడి నీటిలో, నీరు మారుస్తూ దాదాపు ఒక రోజు ఉంచుతారు. అంకురం ఉబ్బి చిన్న మొటిమలా బయటికి పొడుచుకువస్తుంది, గింజ మెత్తబడి అన్నానికి కొద్దిపాటి తీపి వస్తుంది. అంకురం చెడని తాజా బియ్యంతోనే ఇది సాధ్యం.

నీటి కొలత

ఒకటికి రెండు, ఒకటికి మూడు అనే నిష్పత్తులు పొసగకపోవడానికి కారణం, గిన్నెలో పోసిన నీరు రెండు పనులకు ఖర్చు కావడం. ఒక భాగం గింజలోకి చేరుతుంది. పొడిపొడిగా ఉండే అన్నానికి ఇది బియ్యం బరువుకు సుమారు ఒకటిన్నర రెట్లు, మెత్తని అన్నానికి రెండు రెట్ల దాకా ఉంటుంది. మరొక భాగం ఆవిరైపోతుంది; ఇది బియ్యం పరిమాణాన్ని బట్టి కాక, గిన్నె మూతి వెడల్పును, మూత బిగువును, వంట సమయాన్ని బట్టి మారుతుంది. అందువల్ల ఒక గ్లాసు బియ్యానికి సరిపోయిన నిష్పత్తితో నాలుగు గ్లాసులు వండితే అన్నం ముద్దవుతుంది.

ఈ లెక్కను అనుసరించి, ఆరు గంటలకు పైగా నానిన సన్నరకం ముడి బియ్యానికి కుక్కర్‌లో ఒకటికి రెండు నుంచి రెండున్నర గ్లాసుల నీరు, మూత పెట్టిన మందపాటి గిన్నెలో రెండున్నర గ్లాసులు, నానని బియ్యానికి విడి గిన్నెలో మూడు గ్లాసులకు పైగా నీరు మొదటి ప్రయత్నానికి తగిన కొలతలు. బియ్యం కొలిచేది ఎప్పుడూ నానబెట్టక ముందే. పప్పు, పులుసు కలుపుకొనే అన్నం కొద్దిగా మెత్తగా, పులిహోరకు కొద్దిగా తక్కువ నీటితో గట్టిగా ఉండాలి కనుక, ఆపై సవరణ ఆ ఇంటి రుచిని బట్టి జరగవలసిందే.

వంట పద్ధతుల తులన

అత్తెసరు పద్ధతి, అంటే కొలిచి పోసిన ఎసరు మొత్తం గింజలోనే ఇంకిపోయేలా వండడం, పోషకాలను అన్నిటికన్నా బాగా నిలుపుతుంది. ఎసరు తెర్లిన తరువాత మంట బాగా తగ్గించి, మూత తీయకుండా ఉంచాలి; మాటిమాటికీ కలిపితే తవుడు పొరలు చిట్లి అన్నం జిగటవుతుంది. అడుగంటకుండా ఉండడానికి మందపాటి పాత్ర అవసరం.

వార్పు పద్ధతిలో ఎక్కువ నీటిలో ఉడికించి, సిబ్బి పెట్టి గంజి వంపుతారు. నీటి కొలత తప్పినా అన్నం చెడదన్నది దీని బలం, నీటిలో కరిగే విటమిన్లు పోవడం దీని బలహీనత. వార్చిన గంజిని ఉప్పు, మజ్జిగ కలుపుకొని తాగే పాత అలవాటు ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చేది.

ప్రెషర్ కుక్కర్ లోపల నీరు 120 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతుంది కాబట్టి, తవుడు పొర త్వరగా మెత్తబడి సమయం సగానికి తగ్గుతుంది. అయితే విజిల్ కాలానికి కొలమానం కాదు; మంట పెద్దదైతే విజిల్స్ వెంటవెంటనే వస్తాయి, చిన్నదైతే ఒక్కటీ రాకుండానే అన్నం ఉడికిపోవచ్చు. మొదటి విజిల్ తరువాత సన్నని సెగ మీద నానిన బియ్యానికి 12 నుంచి 15 నిమిషాలు, నానని బియ్యానికి 20 నుంచి 25 నిమిషాలు ఉంచి, ఆవిరిని బలవంతంగా వదలకుండా దానంతట అదే దిగనివ్వడం నమ్మదగిన పద్ధతి. కుక్కర్‌లో విడిగా గిన్నె పెట్టి వండితే మరికొన్ని నిమిషాలు పడుతుంది. నేరుగా వండితే నురుగు పొంగి ఆవిరి గొట్టం మూసుకుపోకుండా, బియ్యం, నీరు కలిసి సగానికి మించకూడదు.

పద్ధతి ఏదైనా, దించిన తరువాత పది నుంచి పదిహేను నిమిషాలు మూత తీయకుండా మగ్గనివ్వడం వంటలో భాగమే. ఆ సమయంలో పైపొరలోని తడి గింజ నడిమికి సర్దుకొని, మిగిలిన కాస్త పలుకు కూడా పోతుంది. తెల్ల బియ్యంతో కలిపి వండాలనుకొనేవారు ముడి బియ్యాన్ని మాత్రమే ముందు నానబెట్టుకోవాలి, లేకుంటే ఒకటి ముద్దయ్యేసరికి రెండవది పలుకుగానే ఉంటుంది.

ఆరోగ్య వాదాలు, వాటి హద్దులు

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ముడి బియ్యంలో సుమారు 4.4 గ్రాముల పీచు, 0.27 మిల్లీగ్రాముల థయమిన్ ఉంటే, తెల్ల బియ్యంలో 2.8 గ్రాముల పీచు, 0.05 మిల్లీగ్రాముల థయమిన్ ఉన్నాయి. థయమిన్‌లో తేడా ఐదు రెట్లు. పీచులో తేడా మాత్రం గుప్పెడు పప్పుతోనో ఆకుకూరతోనో భర్తీ చేయగలిగినంతే. ముడి బియ్యాన్ని పీచు గనిగా వర్ణించడం అతిశయోక్తి.

రక్తంలో చక్కెర విషయంలో ఆధారాలు అనుకూలంగానే ఉన్నాయి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, అధిక బరువున్న కొద్దిమంది తెల్ల అన్నానికి బదులు ముడి బియ్యపు అన్నం తిన్నప్పుడు రోజంతటి గ్లూకోజ్ పెరుగుదల సుమారు 20 శాతం తగ్గింది, పప్పుధాన్యాలు కలిసినప్పుడు మరికొంత తగ్గింది. స్వల్పంగా పాలిష్ పట్టినా చక్కెర వేగంగా పెరుగుతుందని అదే సంస్థ తరువాతి పరిశోధన తెలిపింది కాబట్టి, ఒంటిపట్టు బియ్యం పూర్తి ముడి బియ్యానికి సమానం కాదు. ఎంత తిన్నా ఫరవాలేదన్న భరోసాను ఈ పరిశోధనలేవీ ఇవ్వవు.

ఆర్సెనిక్ అనే విష మూలకం తవుడులో ఎక్కువగా చేరుతుందన్నది మరో వాస్తవం; అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కిలోకు తెల్ల బియ్యంలో 0.2, ముడి బియ్యంలో 0.35 మిల్లీగ్రాముల హద్దు విధించింది. ఈ సమస్య పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో భూగర్భ జలం కలుషితమైన ప్రాంతాలలో తీవ్రం. బియ్యాన్ని మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచి, ఆ నీరు వంపి, కొత్త నీటితో అత్తెసరుగా వండితే ముడి బియ్యంలోని ఆర్సెనిక్ సగానికి పైగా తగ్గినట్టు ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2020లో చూపింది. అటువంటి ప్రాంతాల బియ్యం వండేవారికి, పసిపిల్లలున్న ఇళ్ళకు ఈ మిశ్రమ పద్ధతి అనుసరణీయం.

నిల్వ

ఊక తీసిన క్షణం నుంచి తవుడులోని నూనె గాలి సోకి, దానిలోని ఎంజైముల వల్ల కూడా, విడిపోవడం మొదలవుతుంది. అందుకే తెల్ల బియ్యంలో పాత బియ్యానికి విలువ ఎక్కువైనా, ముడి బియ్యంలో తాజాదానికే విలువ. పాతబడిన నూనె వాసన వేసే ముడి బియ్యాన్ని ఏ వంట నేర్పూ బాగు చేయలేదు. ఆరు నెలలు దాటని బియ్యాన్ని, నెలకు సరిపడా మాత్రమే కొని, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో ఉంచితే పురుగు భయం కూడా ఉండదు.

నిర్ణయం

ఉన్న ఆధారాలన్నీ కలిపి చూస్తే, నిత్యవాడుకకు తగిన క్రమం ఇది: తాజాగా ఊక తీసిన సన్నరకం ముడి బియ్యం, ఒకటి రెండుసార్లకు మించని కడుగుడు, రాత్రంతా నానబెట్టడం, కొలిచిన నీటితో అత్తెసరు గానీ కుక్కర్ గానీ, దించాక పదిహేను నిమిషాలు మగ్గనివ్వడం. వార్పును ఆర్సెనిక్ భయమున్న బియ్యానికి పరిమితం చేయాలి, వంటసోడాను పూర్తిగా మానాలి. నానబెట్టే తీరిక లేని రోజున రవ్వగా విసిరి వండుకోవడమో, ఒంటిపట్టు బియ్యం వాడడమో, పలుకు అన్నం తినడం కన్నా మేలు. ముడి బియ్యం వద్దనుకొనే ముందు, దానిని ఒక్క వారం పాటు రాత్రి నానబెట్టి వండి చూడడం ప్రతి ఇంటికీ న్యాయమైన పరీక్ష.